పిర్రలో మొదలై పిక్క దాకా గుంజే నొప్పి: డిస్కా, పిరిఫార్మిసా?

తమ్ముడూ, వయసు 34 అని రాశావు కాబట్టి తమ్ముడూ అనే అంటున్నా. నువ్వు అడిగింది ఇదీ: అనంతపురంలో ఫైనాన్స్ కలెక్షన్ పని, పొద్దస్తమానం బండి మీదే. కుడి పిర్రలో లోపలెక్కడో మొదలైన నొప్పి తొడ వెనక నుంచి పిక్క దాకా గుంజుతోంది. ఎంఆర్‌ఐ తీయిస్తే నడుములో ఎల్4–ఎల్5 ఎముకల దగ్గర డిస్క్ బల్జ్, అంటే ఆ ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండు బయటికి ఉబ్బింది అని వచ్చింది. ఒక డాక్టరు డిస్కే కారణం అన్నారు, ఇంకొకరు పిర్ర లోపలుండే పిరిఫార్మిస్ అనే కండరం అన్నారు. ఎవరి మాట పట్టుకోవాలి, ఏ వ్యాయామం చెయ్యాలి, వచ్చే నెల తిరుమలకు నడిచి ఎక్కే మొక్కు ఉంది, పోవచ్చా అని.

నేను డాక్టర్ని కాదు. కర్నూల్లో సొంత కారు బాడుగలకు తోలుకుంటా. ఇదే నొప్పి నాకు దసరా సీజన్లో పట్టుకుంది, ఉగాది నాటికి గానీ వదల్లేదు. నాది పిరిఫార్మిస్ అని తేలింది. నీది ఏదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను గానీ, తేల్చే పరీక్ష ఎట్లా ఉంటుందో, నాకు నిజంగా పనికొచ్చింది ఏదో చెప్తా. ముందే ఒక మాట అనేస్తా: వ్యాయామాల కంటే ముందు కూర్చునే తీరు మార్చుకోవాలి. యూట్యూబ్ చూసి కాలు సాగదీయడం అందరూ మొదలుపెడతారు. మళ్లీ పోయి అదే సీట్లో, అదే పర్సు మీద గంటల కొద్దీ కూర్చుంటారు.

ఎంఆర్‌ఐ కాగితం చూసి బెదిరిపోవద్దు. నడుము నొప్పి అంటే ఏందో ఎరగని వాళ్లకు స్కానింగులు తీసిన అధ్యయనాలన్నీ 2015లో కలిపి లెక్కేశారు. 30 ఏళ్ల వాళ్లలో నూటికి 40 మందికి, 40 ఏళ్ల వాళ్లలో సగం మందికి బల్జ్ కనిపించింది. కాబట్టి బల్జ్ ఉన్నంత మాత్రాన నీ నొప్పి దానివల్లే అనలేం. అలాగని డిస్క్ కాదని కొట్టిపారెయ్యనూ లేం. సయాటికా అని మనం పిలిచే, పిర్ర నుంచి కాలి కిందికి పాకే నొప్పుల్లో ఎక్కువ భాగం డిస్క్ నుంచే వస్తాయి, పిరిఫార్మిస్ వాటా తక్కువ. పైగా పిరిఫార్మిస్‌ను ఇదీ అని ఖాయం చేసే స్కానింగు గానీ రక్తపరీక్ష గానీ ఏదీ లేదు. నడుమూ తొంటి కీలూ చూసి, అవి కాదనుకున్నాకే దీని దగ్గరికి వస్తారు. అందుకే ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడంలో వింతేం లేదు.

లోపల జరిగేది నాకు అర్థమైనంత వరకు ఇదీ. నడుము కింద, రెండు పిర్రల మధ్య ఉండే ఎముక లోపలి వైపు నుంచి ఒక చిన్న కండరం బయల్దేరి, పిర్ర లోతుల్లోంచి అడ్డంగా వచ్చి తొడ ఎముక పైనున్న బొడిపెకు అతుక్కుంటుంది. అదే పిరిఫార్మిస్. కాలిని బయటి వైపు తిప్పే పని దానిది. ఒంట్లోకెల్లా లావైన నరం సయాటిక్. అది చాలామందిలో ఈ కండరం కిందుగా దిగుతుంది, కొందరిలో దీన్ని చీల్చుకుని మధ్యలోంచి పోతుంది. కండరం బిగుసుకుంటే చేనుకు నీళ్లు పారే పైపు మీద ఎద్దు కాలేసి నిలబడ్డట్టే. తొక్కింది ఒకచోట, ఎండేది ఇంకోచోట. పిక్కకు ఎంత బామ్ రుద్దినా లాభం లేనిది అందుకే.

ఇక పరీక్ష. నన్ను చూసిన ఫిజియోథెరపీ మేడం ముందు వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలును మెల్లగా పైకి లేపింది. 30 నుంచి 70 డిగ్రీల మధ్యలోనే కాలి కింది దాకా జివ్వుమంటే అనుమానం డిస్క్ వైపు పోతుందంట. నాకు తొడ వెనక పట్టేసింది తప్ప జివ్వుమనలేదు. తర్వాత మంచి వైపుకు ఒత్తిగిల్లమంది. పైనున్న కాలిని, అంటే నొప్పి కాలిని, మోకాలు వంచి ముందుకు తెచ్చి, ఒక చేత్తో తొంటిని పట్టుకుని ఇంకో చేత్తో మోకాలిని మంచం వైపు నొక్కింది. అప్పుడు వచ్చింది చూడు! గంటసేపు కారు తోలాక వచ్చే నొప్పి అచ్చంగా అదే. పిర్ర మధ్యలో బొటనవేలితో అదిమితే కూడా పిక్క దాకా పాకింది. ప్రతిసారీ ఆమె అడిగింది ఒకటే, "రోజూ వచ్చే నొప్పేనా, కొత్తదా?" అని. నొక్కితే ఎవరికైనా నొప్పి పుడుతుంది. మన నొప్పే రావాలి, లెక్కకొచ్చేది అది.

ఈ పరీక్షలు ఇంట్లో నువ్వే చేసుకుని తీర్పు ఇచ్చుకోవద్దు గానీ, డాక్టరు దగ్గరికి పోయేలోపు కొన్ని గమనించి పెట్టుకో. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, ముందుకు వంగి బకెట్ ఎత్తినప్పుడు కాలికి కొడుతుంటే, నడుము కూడా కలిసి నొస్తుంటే డిస్క్ అనుమానం ఎక్కువ. నడుము బాగానే ఉండి, గట్టి బెంచీ మీద కూర్చుంటే పిర్రలో మంట, లేచేటప్పుడు పట్టేయడం, కాలు మీద కాలు వేసుకుంటే, మెట్లెక్కితే పెరగడం, సమతలం మీద కాస్త నడిస్తే తగ్గడం ఉంటే పిరిఫార్మిస్ వైపు మొగ్గు. కూర్చుంటే డిస్క్ నొప్పి కూడా పెరుగుతుంది కాబట్టి అదొక్కటే చూసి తేల్చుకోవద్దు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని పో. నేను రాసుకుని పోతే మా డాక్టరు స్కానింగు కవరు పక్కన పెట్టి ముందు ఆ కాగితమే చదివారు.

పరీక్ష అయ్యాక మేడం అడిగిన మొదటి మాట, పర్సు ఏ జేబులో పెడతావని. కుడి వెనక జేబులో. లైసెన్సు, ఆర్‌సీ, టోల్ రశీదులు, డీజిల్ బిల్లులు, యాగంటి బసవన్న పటం, చెల్లని సిమ్ కార్డులతో సహా. మా స్టాండులో అందరి పర్సూ అంతే, మడత పెడితే మళ్లీ తెరుచుకుంటుంది. దాని మీద కూర్చుంటే ఒక పిర్ర ఎత్తు, ఒక పిర్ర పల్లం, ఎత్తు వైపు బరువంతా సరిగ్గా ఆ కండరం మీద. అమెరికా డాక్టర్లు 1970ల్లోనే వెనక జేబు పర్సు తెచ్చిపెట్టే సయాటికా గురించి మెడికల్ జర్నళ్లలో రాశారంట. నీది కలెక్షన్ పని కాబట్టి రశీదు బుక్కు, చిల్లర, ఫోను అన్నీ ఆ జేబులోకే చేరుతుంటాయి. ముందు ఆ జేబు కుట్టేయించు. నిజంగానే చెప్తున్నా, టైలరు దగ్గర కుట్టేయించు, లేకపోతే చెయ్యి అలవాటుగా అటే పోతుంది.

తర్వాత సీటు. నా కారు సీటు గుంటపడి మోకాళ్లు తొంటికంటే పైకి ఉండేవి. గట్టి దిండు వేసి తొంటిని మోకాలికంటే కొంచెం ఎత్తుకు తెచ్చా, సీటు ముందుకు జరిపా. యాక్సిలరేటర్ మీద పాదం పెట్టి మోకాలిని కుడివైపు డోరుకు ఆనించి తోలే అలవాటు డ్రైవర్లలో చాలామందిది. ఆ భంగిమలో గంటలు గడిస్తే ఈ కండరం అదే పొట్టి కొలతలో బిగుసుకుపోతుంది. బండి మీద కూడా మోకాళ్లు బార్లా తెరిచి కూర్చోకు, ట్యాంకుకు దగ్గరగా పెట్టు. సీటు ఒక మూలకు ఒరగొద్దు. అరగంటకో ముప్పావుగంటకో దిగి నాలుగడుగులు నడువు. కలెక్షన్లో ఎట్లాగూ ఇంటింటికీ దిగాల్సిందే, బండి కొంచెం దూరంగా ఆపితే సరిపోతుంది. నేను హైదరాబాద్ హైవే మీద ఆపితే ప్యాసింజర్లు గొణుగుతారు. టీ తాగండి సార్ అంటే గొణుగుడు ఆగుతుంది. ఇంట్లో కొన్నాళ్లు నేల మీద బాసింపట్టు మానేసి కుర్చీలో కూర్చుని తిను. పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకో. పైకాలు ముందుకు వాలిపోతే రాత్రంతా ఆ కండరం లాగబడుతూనే ఉంటుంది.

ఇవి కుదిరాక వ్యాయామం. వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ పైకి మడువు. నొప్పి కాలి చీలమండను రెండో మోకాలి మీద అడ్డంగా పెట్టు. ఇప్పుడు కిందున్న కాలి తొడను రెండు చేతులతో పట్టుకుని ఛాతీ వైపు మెల్లగా లాక్కో. పిర్ర లోపల సాగుతున్నట్టు తెలుస్తుంది. 30 సెకన్లు ఉంచి వదులు, మూడుసార్లు, పొద్దున సాయంత్రం. ఇంకొకటి, నొప్పి కాలి మోకాలిని పట్టుకుని ఎదుటి భుజం వైపు లాగడం. రెండింటికీ గుర్తు ఒకటే. సాగుడు పిర్రలోనే ఉండాలి. పాదంలోకి తిమ్మిరి దిగినా, జివ్వుమన్నా ఎక్కువ లాగుతున్నావన్నమాట, వెంటనే సగానికి తగ్గించు. నరం రేగి ఉన్నప్పుడు దాన్ని ఇంకా లాగితే ఆ రాత్రి నిద్ర ఉండదు. డిస్క్ ఉన్నవాళ్లకు మోకాళ్లు ఛాతీకి లాగే వ్యాయామాలు కొందరిలో నొప్పి పెంచుతాయి, కాబట్టి నీకు ఇది చేయొచ్చో లేదో ముందు అడిగి మొదలుపెట్టు.

సాగదీయడంతో ఆపొద్దు. పిర్ర పెద్ద కండరాలు బలంగా లేకపోతే వాటి బరువు కూడా ఈ చిన్నదాని మీదే పడుతుందని మేడం చెప్పింది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం, పక్కకు పడుకుని మడమలు కలిపి ఉంచి పై మోకాలు మాత్రం తెరవడం, ఈ రెండూ చేయించింది. నాకు తేడా తెలిసింది ఇవి మొదలుపెట్టిన కొన్ని వారాలకే. దాంతో పాటు పిల్లలు క్రికెట్ ఆడే కాస్కో బంతి ఒకటి గోడకూ పిర్రకూ మధ్య పెట్టి, ఆనుకుని ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ దొర్లించేవాణ్ణి. నేల మీద బంతి పెట్టి ఒళ్లు బరువంతా మోపి కూర్చోవద్దు, నరం ఇంకా నలుగుతుంది. వేన్నీళ్ల బ్యాగు పదిహేను నిమిషాలు హాయిగా ఉంటుంది, అంతకంటే దానికి మహిమేం లేదు. మంచం పట్టి పడుకోవడం కంటే ఓర్చుకోగలిగినంత తిరగడమే మేలు.

ఇప్పుడు మన దగ్గర జరిగే వైద్యాలు. మా అవ్వ ఎదురుకాళ్లతో పుట్టిన పిల్లోణ్ణి వీధి వీధంతా అడిగి పట్టుకొచ్చి నా నడుము మీద తన్నించింది. వాడికి ఎనిమిదేళ్లు, తన్ని చాక్లెట్ తీసుకుని పోయాడు, నాకేం కాలేదు, తగ్గనూ లేదు. పెద్దోళ్లతో తొక్కించుకోవడం, నరం లాగించుకోవడం మాత్రం వద్దు. ఇంకొకటి, ఊళ్లో సూది వేసేవాళ్లు నొప్పి ఉన్న పిర్రకే సూది పొడుస్తారు. పిర్రకు సూది వేయాలంటే పైభాగంలో బయటి మూలకే వేయాలి. మధ్యలో, కిందుగా పొడిస్తే సూది సయాటిక్ నరానికే తగిలి పాదం వేలాడిపోయే ప్రమాదం ఉంది.

మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు వారాల తరబడి మింగొద్దు. కడుపులో పుండ్ల సంగతి అందరికీ తెలుసు, కిడ్నీల సంగతి తక్కువమందికి తెలుసు. మన ఎండల్లో నీళ్లు తాగకుండా బండి మీద తిరుగుతూ ఆ బిళ్లలు వేసుకుంటే కిడ్నీలకు రెట్టింపు దెబ్బ. బీపీ, షుగర్ ఉంటే మరీ. నరాల నొప్పికని ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ రాస్తే, అవి మత్తు తెస్తాయి. అలవాటయ్యేదాకా బండి తోలకు, డాక్టరును అడక్కుండా ఒక్కసారిగా ఆపకు.

ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, దొడ్డికి అదుపు తప్పడం, సైకిలు సీటు తగిలే చోట మొద్దుబారడం, రెండు కాళ్లకూ నొప్పి గానీ బలహీనత గానీ రావడం, వీటిలో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పో. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకపోవడం, మడమల మీద నడవలేకపోవడం కూడా ఆలస్యం చెయ్యకూడని సంగతులే. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ముందు క్యాన్సర్ వచ్చి ఉండడం, కింద పడి ఉండడం ఇట్లాంటివేమైనా ఉంటే వ్యాయామం మాట పక్కనపెట్టి డాక్టరుకు చెప్పు. కర్నూలు సర్వజన వైద్యశాలలో ఎముకల విభాగం, న్యూరోసర్జరీ రెండూ ఉన్నాయి. గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా జనం వస్తారు కాబట్టి ఓపీ చీటీకి పొద్దున్నే క్యూ కట్టాలి.

ఆపరేషన్ భయం ఇప్పుడే వద్దు. డిస్క్ వల్ల వచ్చిన సయాటికా కూడా చాలామందికి 6 నుంచి 12 వారాల్లో దానంతటదే చాలావరకు సర్దుకుంటుంది. పిరిఫార్మిస్ అయితే వ్యాయామానికి లొంగకపోతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఆ కండరంలోకే మత్తుమందు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. దాంతో నొప్పి తగ్గితే కండరమే దొంగ అని కొంత రుజువు కూడా అవుతుంది. కోత దాకా పోయేది చాలా అరుదు.

తిరుమల సంగతి. అలిపిరి దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388. మెట్టెక్కే ప్రతిసారీ పనిచేసేవి ఈ పిర్ర కండరాలే, నొప్పి రేగి ఉన్నప్పుడు వచ్చే నెలకే అంత ఎక్కడం నాకైతే మంచిదనిపించదు. సమతలం మీద ముప్పావుగంట నడిచినా, ఇంట్లో రెండంతస్తులు ఎక్కి దిగినా మరుసటి రోజు నొప్పి పెరగడం లేదంటే అప్పుడు ఆలోచించు. ఈసారికి బస్సులో పోయి దర్శనం చేసుకో, మెట్ల మొక్కు వాయిదా వెయ్యి. వడ్డీకాసులవాడు కదా, ఆలస్యానికి వడ్డీ వేసుకుంటాడు గానీ కాదనడు. బస్సులో కిటికీ పక్క సీటు కాకుండా నడవా పక్క సీటు తీసుకో, ఘాట్ మొదలయ్యే ముందు ఒకసారి లేచి నిలబడొచ్చు.