మా అమ్మాయి క్రిమినల్ లాయర్ అవుతానంటోంది

ప్రశ్న: మాది నరసరావుపేట. అమ్మాయి ఇంటర్ సెకండియర్, సీఈసీ. కిందటేడు మా వీధిలో గొడవ జరిగి ఒకాయన చనిపోయారు. పోలీసులు హత్య కేసు పెట్టకుండా వేరే సెక్షన్ పెట్టారు. ఎందుకలా పెట్టారని అప్పటి నుంచి మా అమ్మాయి ఒకటే ఆరా. ఇప్పుడు క్రిమినల్ లాయర్ అవుతానంటోంది. మా వారేమో ‘సీఏ చదువుకో, రౌడీలను విడిపించే పని మనకెందుకు’ అంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ వీధిలో అంత ఘోరం జరిగితే ‘వాణ్ని ఉరి తీయాలి’ అనేవాళ్లే ఎక్కువమంది ఉండి ఉంటారు. మీ అమ్మాయి మాత్రం ‘హత్య కేసు ఎందుకు కాలేదు’ అని అడిగింది. లా చదువుతామని నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది కోర్టు సీన్లు చూసి ముచ్చటపడి వస్తారు. ఇలాంటి ప్రశ్న పట్టుకుని వచ్చేవాళ్లు అరుదు. అందుకే మీ ఉత్తరం చూసి సంతోషించాను.

ముందు ఆమె ప్రశ్నకే వస్తాను. మనిషి చనిపోయినంత మాత్రాన అది హత్య అయిపోదు. కొట్టినవాడి ఉద్దేశం ఏమిటి, దేనితో కొట్టాడు, ఎక్కడ కొట్టాడు, ఆ దెబ్బకు మనిషి పోతాడని తెలుసా అని చట్టం అడుగుతుంది. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో వచ్చిన కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 100వ సెక్షన్ శిక్షార్హమైన నరహత్య అంటే ఏమిటో చెబుతుంది. అందులో ఏది హత్య అవుతుందో 101 చెబుతుంది. హత్యకు 103 కింద ఉరి లేదా యావజ్జీవం. హత్య స్థాయికి రాని నరహత్యకు 105. అందులోనూ రెండు మెట్లు: ఉద్దేశం ఉంటే యావజ్జీవం, లేదా 5 నుంచి 10 ఏళ్లు, ఉద్దేశం లేకపోయినా ప్రాణం పోవచ్చని తెలిసి చేస్తే 10 ఏళ్ల వరకు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106. పోయిన ప్రాణం ఒక్కటే, లెక్క మాత్రం ఇన్ని రకాలు.

ముందుగా అనుకోకుండా, అప్పటికప్పుడు రేగిన కొట్లాటలో, అవతలివాడి నిస్సహాయతను వాడుకోకుండా, క్రూరంగా ప్రవర్తించకుండా ఆవేశంలో చేసింది హత్య కాదని 101లోనే ఒక మినహాయింపు ఉంది. మీ వీధి కేసులో పోలీసులు చూసింది అదే కావచ్చు. పోలీసులు పెట్టిన సెక్షనే చివరిదాకా ఉండాలని కూడా లేదు. తీర్పు చెప్పేలోపు కోర్టు ఎప్పుడైనా చార్జి, అంటే నిందితుడి మీద మోపిన అభియోగం, మార్చవచ్చు. ఈ సంగతి ఆమెకు చెప్పండి.

ఇంకొకటి కూడా చెప్పండి. దేశంలో లా చదివే పిల్లలంతా ఈ తేడా నేర్చుకునే తీర్పు మీ పక్క ఊళ్లోనే పుట్టింది. 1968 జూలైలో రొంపిచర్లలో ముఠా కక్షలు. 55 ఏళ్ల మనిషి బస్సెక్కి నెకరికల్లు అడ్డరోడ్డు దగ్గర దిగాడు. అవతలి వర్గంవాళ్లు బరువైన కర్రలతో వెంటపడ్డారు. చేతులు జోడించినా వదల్లేదు, స్పృహ తప్పేదాకా కాళ్ల మీదా చేతుల మీదా కొట్టారు. 19 గాయాలు. మర్నాడు తెల్లవారుజామున ఆయన చనిపోయాడు. ఆయువుపట్టు మీద ఒక్క దెబ్బా లేదు. సెషన్స్ కోర్టు హత్య అంది. చంపే ఉద్దేశం కనబడటం లేదంటూ హైకోర్టు దాన్ని హత్య కాని నరహత్యగా మార్చి 5 ఏళ్ల శిక్ష వేసింది. 1976లో సుప్రీంకోర్టు మళ్లీ హత్యే అంది. తల మీద కొట్టకపోయినా, అన్ని ఎముకలు విరిగేలా కావాలని కొట్టారు. ఆ గాయాలన్నీ కలిస్తే మామూలుగానే ప్రాణం పోతుందని డాక్టర్ చెప్పాడు. అలాంటి గాయాలు చేయాలన్న ఉద్దేశం ఉంటే చాలు, ‘చంపాలి’ అనుకున్నారని విడిగా రుజువు చేయనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ రాయవరపు పున్నయ్య అని వెతికితే తీర్పు దొరుకుతుంది.

ఆమెకు పెట్టాల్సిన పరీక్ష కూడా ఇదే. జరిగిన సంగతి వరకు చెప్పి, తీర్పు చెప్పకుండా ‘నువ్వు జడ్జివైతే ఏమంటావు’ అని అడగండి. జవాబు తప్పయినా ఫరవాలేదు, హైకోర్టూ సుప్రీంకోర్టే ఒక మాట మీద లేవు కదా. కర్ర బరువు, గాయాల సంఖ్య, ఆ పెద్దాయన నిస్సహాయత గురించి ఎదురు ప్రశ్నలు వేస్తుందా అన్నది చూడండి. విసుక్కుని ‘ఏదో ఒకటి, తప్పు తప్పే కదా’ అంటే మాత్రం సీఏ సంగతి ఆలోచించవచ్చు.

రోజువారీ ప్రాక్టీసులో హత్య కేసులకంటే కొట్లాట కేసులే ఎక్కువ. అక్కడ కూడా ఇంతే సూక్ష్మంగా చూడాలి. చెంప మీద కొడితే మామూలు గాయం. పన్ను విరిగితే అది చట్టం దృష్టిలో తీవ్ర గాయం, ఎముక విరిగినట్టే లెక్క. కాకపోతే అంత గాయం చేయాలన్న ఉద్దేశమో, అవుతుందన్న ఎరుకో కొట్టినవాడికి ఉండాలి. మామూలు గాయానికి ఏడాది వరకు, తీవ్ర గాయానికి 7 ఏళ్ల వరకు శిక్ష. పాత శిక్షాస్మృతిలో 20 రోజులు విపరీతమైన నొప్పితో ఉంటేనో, మామూలు పనులు చేసుకోలేకపోతేనో తీవ్ర గాయం అనేవారు. కొత్త చట్టం దాన్ని 15 రోజులు చేసింది. వూండ్ సర్టిఫికెట్‌లో, అంటే గాయాల ధ్రువపత్రంలో, డాక్టర్ రాసిన ఒక్క లైను మీద ఇంత ఆధారపడి ఉంటుంది. కొత్త చట్టం 2024 జూలై 1 నుంచి వచ్చింది. అంతకుముందు జరిగిన నేరాలు పాత సెక్షన్ల కిందే నడుస్తాయి. కోర్టు వరండాలో సీనియర్లు ఇప్పటికీ పాత నంబర్లతోనే హత్యను ‘302 కేసు’, హత్యాయత్నాన్ని ‘307 కేసు’ అంటుంటారు. కాబట్టి ఆమె రెండు నంబర్లూ నేర్చుకోక తప్పదు.

ఇక మీ వారి మాట. ఆయన బాధ నాకు అర్థమైంది, ఆడపిల్ల తండ్రిగా అలా అనడంలో తప్పులేదు. కానీ పట్టుబడ్డ ప్రతివాడూ నేరస్తుడు కాడు. ఊళ్లో గొడవైతే అక్కడ లేనివాళ్ల పేర్లు కూడా కేసులో ఇరికించడం మన దగ్గర కొత్త కాదు. తనను, తన బిడ్డను కాపాడుకోవడానికి ఎదురు తిరిగిన ఆడమనిషి కూడా ఆ బోనులోనే నిలబడుతుంది. ఆత్మరక్షణ హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కోర్టుకు విడమరిచి చెప్పే మనిషి ఆమెకు కావాలి. లాయరును పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చింది. అదీగాక క్రిమినల్ లా చదివితే నిందితుల వైపే ఉండాలని ఎవరన్నారు? పబ్లిక్ ప్రాసిక్యూటర్ బాధితుల పక్షాన ప్రభుత్వం తరఫున వాదిస్తారు. అసిస్టెంట్ పీపీ పోస్టులకు నోటిఫికేషన్లు వస్తుంటాయి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష కూడా ఉంది. అయితే 2025 మేలో సుప్రీంకోర్టు దానికి 3 ఏళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది, ఆ సంవత్సరాలు కూడా లెక్కలో పెట్టుకోండి.

దారి కష్టమైనది కాదు. ఇంటర్ తర్వాత 5 ఏళ్ల లా కోర్సుకు లాసెట్ రాయాలి. హైదరాబాద్ నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ లాంటి జాతీయ లా యూనివర్సిటీలు కావాలంటే క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. సీఈసీ అడ్డు కాదు. డబ్బు విషయం దాచను. సీనియర్ దగ్గర మొదటి మూడు నాలుగేళ్లు చేతికొచ్చేది చాలా తక్కువ. అప్పటివరకు ఇంటి నుంచి ఆసరా ఇవ్వగలరా లేదా అన్నది మీరిద్దరూ ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోవాలి. రౌడీల భయంకంటే ఈ ఆదాయం దెబ్బకే ఎక్కువమంది పిల్లలు మధ్యలో మానేయడం చూశాను.

పరీక్షలు అయ్యాక ఒక పని చేయండి. మీ ఊరి కోర్టుకు ఆమెను తీసుకెళ్లి, కొట్లాట కేసు విచారణ జరిగే హాల్లో రెండు మూడు రోజులు వెనక బెంచీలో కూర్చోబెట్టండి. లైంగిక నేరాల కేసుల్లాంటివి తప్ప మిగతావి బహిరంగ విచారణలే, ఎవరైనా వెళ్లవచ్చు. ఫోన్ ఆపేయండి. వాయిదాలు పడతాయి, సాక్షి రాడు, వచ్చిన సాక్షి మాట మారుస్తాడు, ఎండలో నిలబడి ఎదురుచూడాలి. కుదిరితే మీ వారిని కూడా రమ్మనండి. మూడో రోజు సాయంత్రం ఇంటికొచ్చాక ఆమె ఆ సాక్షి గురించే మాట్లాడుతుంటే లాసెట్ దరఖాస్తు నింపేయండి.