ఇద్దరికీ కలిపి ఒక నోటు

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "మియాపూర్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేదాకా చుట్టూ అంతమంది ఉంటారు మావయ్యా, ఒక్కరూ పలకరించరు" అన్నావు. మరి నువ్వెవరినైనా పలకరించావా అని అడగబోయాను. నీ గొంతు అప్పటికే బాగోలేదని ఊరుకున్నాను. ఫోన్లో అయితే నేను సోది మొదలెడతానని మీ అత్తయ్య అంటోంది, అందుకే రాస్తున్నాను.

ముప్పయ్యేళ్లు రాజమండ్రి-అమలాపురం రూట్లో టికెట్లు కొట్టినవాణ్ణి కదా, నాకు తెలిసిన నాలుగు ముక్కలూ బస్సులో నేర్చుకున్నవే. పొద్దున్నే మొదటి ట్రిప్పులో అందరూ పెద్ద నోట్లే తీసేవాళ్లు. రావలసింది టికెట్ వెనక రాసిచ్చేవాణ్ణి. అలా కూడా కుదరకపోతే, ఒకచోట దిగే ఇద్దరిని చూసి ఇద్దరికీ కలిపి ఒక నోటు చేతిలో పెట్టి, "రావులపాలెంలో దిగాక పంచుకోండి" అనేవాణ్ణి. గొణుక్కునేవాళ్లు. కానీ నోటు మార్చాలంటే టీ కొట్టుకే వెళ్లాలి, ఊరికే మార్చమంటే కొట్టువాడు మార్చడు, కాబట్టి ఇద్దరూ టీ తాగేవాళ్లు. అలా ఒకసారి నర్సరీలో పనిచేసే కుర్రాణ్ణీ, కొబ్బరికాయల వ్యాపారం చేసే పెద్దాయన్నీ ఒక యాభై నోటుకి కట్టేశాను. నెల తిరక్కుండా ఇద్దరూ ఒకే సీట్లో కబుర్లాడుతూ కనిపించారు. మీకెలా పరిచయం అంటే, "మీ చిల్లర పుణ్యమేనండీ, ఆయ్" అన్నాడు కుర్రాడు.

మెట్రోలో కార్డు తాకిస్తే గేటు తెరుచుకుంటుంది, చిల్లర గొడవే లేదు. సుఖమే, కాదనను. కానీ మాట కలపడానికి సాకు నువ్వే వెతుక్కోవాలి. ఏ ఊరు, ఎవరి తాలూకు, జీతమెంత... ఇవి మా వయసువాళ్ల జబ్బు, నాకూ ఉండేది. అలా అడిగితే మనిషి ముడుచుకుపోతాడు. చేతిలో ఉన్న వస్తువు గురించి అడిగి చూడు. బుట్టలో పూలెక్కడివి, ఆ మొక్కకి ఎండ కావాలా, ఇంత పెద్ద టిఫిన్ క్యారేజీ ఎవరికి? ఇష్టం లేకపోతే ఒక్క ముక్కలో తేల్చేస్తారు, నువ్వూ వదిలెయ్. చెవుల్లో అవేవో పెట్టుకున్నవాళ్ల జోలికి అసలు పోకు. నీ నంబరూ, హాస్టల్ పేరూ ఎవడైనా అడిగితే జవాబు చెప్పక్కర్లేదు, లేచి ఆడవాళ్ల వైపు వెళ్లిపో. మొహమాటానికి కూర్చోకు.

కడియపులంక నుంచి బంతిపూల బుట్టతో ఒక ముసలామె ఎక్కేది. లగేజీ టికెట్ దగ్గర రోజూ నాతో పేచీయే. ఒకరోజు బస్సు ఖాళీగా ఉంటే, ఈ వయసులో ఇంకా ఏం కావాలమ్మా నీకు అని ఎగతాళిగా అడిగాను. కొవ్వూరులో కూతురు దగ్గరికి బస్సులో వెళ్తుంటుందట. మన రోడ్డు కం రైలు వంతెన సంగతి తెలుసుగా, 1974 నుంచీ పైన రోడ్డు, కింద రైలు. "పైన మనం ఎల్తుంటే కింద రైలు మోత ఇనపడద్ది బాబూ. ఒక్కసారి ఆ రైల్లో కూకుని గోదారి చూడాలి" అంది. అంతే ఆమె కోరిక! రాజమండ్రిలో పాసింజరు ఎక్కితే గోదావరి దాటగానే కొవ్వూరే. అయినా అన్నేళ్లలో ఎక్కలేదు, ఎక్కమని ఎవరూ అనలేదు. వచ్చే ఆదివారం వెళ్లమని పట్టుబట్టాను.

పదిహేను రోజులకి మళ్లీ ఎక్కింది. కూర్చోకుండానే మొదలెట్టింది. గోదారంతా ఇనపకమ్ముల మధ్య ముక్కలు ముక్కలుగా కనిపించిందట. దణ్ణం పెట్టుకుని రూపాయి విసిరితే అది కమ్మికి తగిలి టంగుమందట. "నీళ్లలో పడిందో లేదో తెలీదు. మళ్లీ ఎల్లాలి" అని ఒకటే నవ్వు. లగేజీకి డబ్బులు ఆరోజు అడక్కుండానే ఇచ్చింది.

నువ్వు ఫ్లాటు కొనుక్కోవాలనుకోవడం తప్పు కాదమ్మా. దాని టెన్షన్ దానికుంటుంది. దాని పక్కన ఒక సెలవురోజులో, బస్సు చార్జీలో తీరిపోయే కల కూడా ఒకటి పెట్టుకోమంటున్నాను. నాదేమిటో తెలుసా? నా రూట్లోనే కిటికీ పక్కన కూర్చుని చివరిదాకా వెళ్లడం. రిటైరైన వారానికే వెళ్లాను. కడియపులంకలో బస్సు ఆగగానే నా చెయ్యి, ఇప్పుడు లేని టికెట్ల సంచీ కోసం వెతుక్కుంది. అన్నట్టు, కండక్టరు కుర్రాడు చిల్లర లేదని నాకూ పక్కనున్న మేష్టారికీ కలిపి ఒక నోటిచ్చాడు. నాకే! రావులపాలెంలో దిగి ఆయనతో టీ తాగి, తర్వాతి బస్సు పట్టుకున్నాను.

పండక్కి ఈసారి రాత్రి బస్సు వద్దు. పగటిపూట జన్మభూమి రైలు ఎక్కు. కొవ్వూరు వచ్చేసరికి ఆ ఫోను లోపల పెట్టెయ్. 1997లో కట్టిన ఆర్చి వంతెన మీదుగా తెస్తాడో, పాత కమ్ముల్లోంచే తెస్తాడో మన చేతిలో లేదు. రూపాయి బిళ్ల మాత్రం రెండు ఉంచుకో, ఒకటి కమ్మికి తగలొచ్చు. స్టేషన్‌కి నేనొస్తాను.

మీ మావయ్య