మేడ మీద మందు మొక్కలు పెడుతున్న మా మేనకోడలు పిల్లకి

కోడలు పిల్లా,

మేడ మీద మందు మొక్కలు వేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మా అమ్మ పోలిక ఎక్కడికి పోతుందిలే అని మురిసిపోయాను. అంతలోనే "తిప్పతీగ కూడా పెడుతుందట, రోజూ కషాయం కాచి ఇంటిల్లిపాదికీ ఇస్తుందట" అన్నాడు. గుండెల్లో రాయి పడింది. అందుకే ఇంత పెద్ద మెసేజ్ పెడుతున్నా, విసుక్కోకుండా చివరిదాకా చదువు.

కుండీ అడుగున రంధ్రం ఉండాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమంగా కలుపు. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్ళు పొయ్యి. పుదీనాకి వేరే కుండీ ఇవ్వు, లేకపోతే పక్క మొక్కల్ని బతకనివ్వదు. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి చల్లు, అది కూడా చలికాలంలో. మీ హైదరాబాద్ మే ఎండల్లో వేస్తే ఆకు రాకుండానే పూతకొచ్చేస్తుంది. తులసికి వెన్నులు కనపడగానే తుంచెయ్యి, గుబురుగా పెరుగుతుంది. పురుగు పడితే లీటరు నీళ్ళకి ఒక చెంచా వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టు.

వాము ఆకు మాత్రం తప్పకుండా పెట్టు. కొమ్మ ముక్క గుచ్చితే చాలు, అదే నాటుకుంటుంది. మందపాటి ఆకు, మీదంతా నూగు, కాడ దగ్గర విరిస్తే టప్‌మని విరిగి వేళ్ళు తడుస్తాయి, ఆ ఘాటు చెయ్యి కడుక్కున్నా పోదు. వాన పడితే మా అమ్మ ఆ ఆకుల్ని శనగపిండిలో ముంచి బజ్జీలు వేసేది. మీ నాన్న పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చుని, వాయి దిగడం ఆలస్యం, నోరు కాల్చుకునేవాడు. జలుబు చేస్తే అదే ఆకుతో చారు పెట్టేది. మా ఇంట్లో మందంటే అంతే, అన్నంలో కలిసిపోయేది. సరస్వతి ఆకైతే పచ్చడి, గుంటగలగరైతే తలనూనె. గ్లాసుల్లో కొలిచి రోజూ తాగించడం ఆవిడ ఎరగదు.

ఇక తిప్పతీగ సంగతి. 2021లో కరోనా రెండోసారి వచ్చినప్పుడు మీ మామయ్య ఎవరి మాటా వినలేదు. వాట్సాప్‌లో ఏదో చూసి, కాలువగట్టు మీద కంచెకి అల్లుకున్న తీగ ఎవరో కోసుకొస్తే, అది ఏ తీగో కనుక్కోకుండానే కాచుకుని తాగడం మొదలుపెట్టారు. వద్దండీ అంటే "ఆకే కదా, ఏం చేస్తుంది" అన్నారు. షుగర్ మాత్రలు ఓ పక్క, ఈ కషాయం ఓ పక్క. నెలలు గడిచాయి. అన్నం సయించడం లేదన్నారు, నీరసం అన్నారు, కరోనా భయంతో టెన్షన్ అనుకున్నాం. ఒకరోజు పొద్దున్నే వరండాలో పేపర్ చదువుతుంటే ఎండ మొహాన పడింది, కళ్ళల్లో తెల్లగుడ్డు పచ్చగా కనిపించింది. రెప్ప కిందకి లాగి చూశాను, పసుపు రాసినట్టుంది. ఆసుపత్రిలో లివర్ దెబ్బతిందన్నారు. డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏమైనా ఆకు మందులు వాడుతున్నారా?" కషాయం మానేశాక కూడా కళ్ళు తేటపడడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో నేను తిన్నది తిండి కాదు, పడుకున్నది నిద్ర కాదు.

అదే ఏడాది ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిన్నదని రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, అలాగే కనపడే ఇంకో రకం తీగ వాడి ఉంటారంది. ఆ రకానికి కాండం నిండా బుడిపెలుంటాయి. వాళ్ళలో ఎవరి మాట నిజమైనా నాకు అర్థమైంది ఒకటే: ఏ తీగో తెలియకుండా తాగకూడదు, తెలిసినా డాక్టరుకి చెప్పకుండా నెలల తరబడి తాగకూడదు. మీ అత్తగారు బీపీ మాత్రలు వేసుకుంటారు కదా, ఆవిడకి నువ్వు ప్రేమగా ఇచ్చే గ్లాసు ఆ మాత్రలతో ఎలా కలుస్తుందో నీకెలా తెలుస్తుంది? తీగ పెంచుకో, పందిరికి అందంగా ఉంటుంది. కాచి ఇవ్వడం మాత్రం వద్దు తల్లీ, నా మీద ఒట్టు.

చంటివాడి విషయం కూడా. తులసి రసంలో తేనె కలిపి నాకించమని ఎవరో ఒకరు చెప్తారు, ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు. వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాస్తామన్నా ఒప్పుకోకు, మన వైపు అలవాటే అయినా సరే, అది వాంతులు చేయిస్తుంది. వాడు పాకడం మొదలుపెట్టాడు, అందినదల్లా నోట్లో పెట్టుకుంటాడు కాబట్టి గన్నేరు, ఉమ్మెత్త, గురివింద మేడ మీదకి రానివ్వకు. కలబంద కోశాక పసుపు రంగులో కారే జిగురు పూర్తిగా కారిపోనివ్వు, అది కడుపులోకి పోతే విరేచనాలే.

సంక్రాంతికి వస్తావు కదా, కడియం వెళ్ళి మొక్కలు తెచ్చుకుందాం. ఒక్కదానివే కొనకు, పేరు అడిగి, ఆకు నలిపి వాసన చూసి మరీ తీసుకుందాం. ఇంటికెళ్ళాక వారం రోజులు నీడలో ఉంచి అప్పుడు ఎండలోకి మార్చు. నర్సరీలో మందు కొట్టి ఉంటారు, ఉన్న ఆకు తినకు, కొత్త చిగురు వచ్చాకే వంటలోకి. కరివేపాకు మాత్రం కొనక్కర్లేదు, మన పెరట్లో చెట్టు కింద పిలకలు చాలా లేచాయి, ఒకటి నీ కోసం కవర్లోకి తీసి ఉంచాను.

పెద్దత్త