గొంతునొప్పికి చైనా పాకం వాడవచ్చా?

ప్రశ్న: సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, గొంతు నొప్పికీ దగ్గుకూ అక్కడ చాలామంది వాడతారంటూ ‘నిన్ జియోమ్ పేయ్ పా కోవా’ అనే నల్లటి చైనా మందు తెచ్చాడు. నాకు మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. ఇంట్లో తొమ్మిది నెలల మనవడు కూడా ఉన్నాడు. మేము దీన్ని వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందుగా మనవడి సంగతి చెబుతాను. ఈ మందులో తేనె ఉంటుంది గనుక, ఏడాది నిండని బిడ్డకు వేలితో నాకించడం కూడా తగదు. తేనెలో ఒక్కోసారి ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి, కండరాలను చచ్చుబడేలా చేసే విషాన్ని తయారుచేస్తాయి. పసివాళ్లకు తేనె నాకించే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది కాబట్టే ఇంత గట్టిగా చెప్పవలసి వస్తోంది.

హాంకాంగ్‌కు చెందిన ఈ మందులో ముఖ్యమైనవి లోకాట్ అనే పసుపు పండ్ల చెట్టు ఆకు, ‘చువాన్ బెయి’ అనే తెల్లని చిన్న దుంప. లోకాట్ ఆకు అడుగున దట్టంగా ఉండే నూగు గొంతులో గుచ్చుకుని దగ్గును పెంచుతుందని, చైనా వైద్యులు దాన్ని బ్రష్‌తో రుద్ది తీసేశాకే ఆకును కషాయానికి వాడతారు. వీటికి పంపరపనస తొక్క, అల్లం, అతిమధురం వంటివి చేర్చి, తేనెతో చిక్కటి పాకంగా తయారుచేస్తారు. చైనాను చింగ్ రాజవంశం ఏలిన కాలంలో ఒక అధికారి తల్లి దగ్గుకు యె తియాన్‌షీ అనే ప్రసిద్ధ వైద్యుడు ఈ మందు తయారీ చెప్పాడని తయారీదారులు చెప్పుకొనే కథ. పెట్టె మీద కనిపించే తల్లీకొడుకుల బొమ్మ దానికి సంబంధించినదే.

చెంచాడు పాకం నెమ్మదిగా మింగితే తేనె గొంతు లోపలి పొరకు అంటుకుని మంటను తగ్గిస్తుంది, ఇందులోని పుదీనా సత్తు చల్లగా అనిపిస్తుంది. ఈ ఉపశమనం నిజమైనదే కానీ, ఇది ఇన్ఫెక్షన్‌ను నయం చేసే మందు కాదు.

మీ విషయంలో మాత్రం రెండు ఇబ్బందులున్నాయి. ఇందులో తేనెతో పాటు చక్కెర పాకం కూడా ఉంటుంది కాబట్టి రోజుకు మూడు పూటలా తీసుకుంటే రక్తంలో చక్కెర పెరుగుతుంది. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే పొటాషియం తగ్గి రక్తపోటు పెరగవచ్చు. మన పచారీ కొట్లలో దొరికే అతిమధురానికీ ఇదే వర్తిస్తుంది. అందువల్ల మీ వైద్యుణ్ణి అడగకుండా దీన్ని మొదలుపెట్టకండి. అప్పటిదాకా గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించండి. జ్వరం, మింగలేనంత నొప్పి, గొంతులో తెల్లని మచ్చలు కనిపించినా, నొప్పి వారం దాటినా వైద్యుడికి చూపించుకోండి.