ఏడాదిన్నర దేశాలు తిరిగొచ్చి జర్మనీ పోతానంటున్నడు, పంపాలా?

ప్రశ్న: మాది దేవరకొండ. మా అబ్బాయికి 27 ఏండ్లు. కంప్యూటర్ సైన్స్‌ల బీటెక్ చేసి 2021 జూన్ నుంచి 2024 జూన్ దాకా హైదరాబాద్‌ల టెస్టింగ్ ఉద్యోగం చేసిండు. తర్వాత రాజీనామా పెట్టి లడఖ్, నేపాల్, థాయ్‌లాండ్, వియత్నాం అనుకుంట ఏడాదిన్నర తిరిగొచ్చిండు. ఊర్ల దేశదిమ్మరి అంటున్నరు. ఇప్పుడు చేతిల ఆఫర్ లేకుండనే జర్మనీ పోయి ఆడనే పని దేవులాడుకుంటడట. దుబాయ్‌ల ఉన్న మా బామ్మర్ది విజిట్ వీసా మీద రమ్మంటున్నడు. బత్తాయి తోటల ఎకరం అమ్మి పైసలు ఇయ్యాల్నా? పెండ్లి చేసి పంపితే నయమా?

జవాబు: తోట జోలికి ఇప్పుడే పోకండన్నా.

మీ అబ్బాయి చెప్పేది గాలిమాట అయితే కాదు. ఆఫర్ లేకపోయినా ఏడాది వరకు అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కునేందుకు జర్మనీ 2024 జూన్ 1 నుంచి 'ఆపర్చునిటీ కార్డు' ఇస్తోంది. వెతుక్కుంటూనే వారానికి 20 గంటల దాకా పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న డిగ్రీ, జర్మన్ ఏ1 గానీ ఇంగ్లిష్ బీ2 గానీ (ఇవి భాషా పరీక్షల స్థాయిలు; ఏ1 అన్నిటికంటే కింది మెట్టు, తర్వాత ఏ2, బీ1, బీ2, సీ1), ఆపైన కనీసం 6 పాయింట్లు ఉండాలి.

అబ్బాయి లెక్క చూద్దాం. వయసు 35 దాటలేదు కాబట్టి 2. చదువుకు తగ్గ పనిలో గత అయిదేళ్లలో రెండేళ్ల అనుభవం ఉంది కాబట్టి ఇంకో 2. ఐటీ అక్కడి కొరత వృత్తుల జాబితాలో ఉంది, దానికి 1. మొత్తం అయిదు. ఆరోది జర్మన్ ఏ2 పాసైతే వస్తుంది, లేదా ఇంగ్లిష్ సీ1 ఉన్నా వస్తుంది. తిరిగొచ్చిన దేశాలకు మాత్రం ఒక్క పాయింటూ లేదు.

అసలు మెలిక ఆ 'గత అయిదేళ్లలో' అన్న మాటలో ఉంది. దరఖాస్తు రోజు నుంచి వెనక్కి లెక్కపెడతారు. 2027 జూన్ దాటిందంటే 2022 జూన్‌కు ముందు చేసిన పని లెక్కలోంచి పోతుంది, రెండేళ్లు నిండవు, ఆ 2 పాయింట్లూ పోతాయి. ఇప్పటిదాకా తిరిగినందుకు నష్టమేమీ జరగలేదు. ఇంకో ఏడాది ఇంట్లో కూర్చుని 'ప్రిపేర్ అవుతున్నా' అంటేనే నష్టం.

అందుకే నా సలహా: ముందు హైదరాబాద్‌లో మళ్లీ ఉద్యోగంలో చేరమనండి. జీతం కాస్త తక్కువైనా పర్వాలేదు, అనుభవం ఆగకుండా పెరుగుతుంది. సాయంత్రాలు జర్మన్ నేర్చుకోవచ్చు, గోథే జెంట్రమ్ హైదరాబాద్‌లోనే ఉంది. ఇంగ్లిష్‌తోనే నెట్టుకొస్తానంటే వినకండి. కార్డు వస్తుందేమో గానీ, ఏడాదిలోపు ఉద్యోగం దొరకాలంటే అక్కడి భాష రావాల్సిందే.

ఇక పైసల సంగతి. ఖర్చులకు నెలకు 1,091 యూరోలు ఉన్నట్టు చూపాలన్నది 2025 నిబంధన. ఏడాదికి 13,092 యూరోలు, మన లెక్కలో 13 లక్షల పైమాటే. అది ఫీజు కాదు. మీ అబ్బాయి పేరు మీదే బ్లాక్డ్ అకౌంట్‌లో ఉండి నెలనెలా విడుదలవుతుంది. కానీ ఉద్యోగం దొరక్కపోతే ఏడాదిలో కరిగిపోయేదీ అదే. ఏ2 సర్టిఫికెట్ తెచ్చి మీ చేతిలో పెట్టాక, తన జీతంలో మిగిలింది పోను ఎంత తక్కువ పడుతుందో చూసి అప్పుడు తోట గురించి ఆలోచించండి.

రెజ్యూమెలో ఆ ఏడాదిన్నరను దాచొద్దు. 'ప్రయాణాలు' అని నెలలతో సహా రాస్తే చాలు. ఖాళీ కనపడకుండా ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తామనేవాళ్లు తగులుతారు. ఆ నెలలకు పీఎఫ్ జమ, ఫామ్ 16 ఎక్కడి నుంచి తెస్తారు? పాత కంపెనీ రిలీవింగ్ లెటర్, పే స్లిప్పులు ఇప్పుడే తీసి పెట్టుకోమనండి.

ఊర్లో వాళ్ల మాట వదిలేయండి. తెలియని ఊళ్లో ఒంటరిగా దిగి నెగ్గుకు రావడం అతనికి అలవాటైంది, అది తక్కువేం కాదు. అయితే హాస్టల్లో నాలుగు రోజులుండి బ్యాగు సర్దుకోవడం వేరు, కాపురం వేరు. జర్మనీలో ఇల్లు దొరికాక ఓనరు సంతకం చేసిన కాగితం పట్టుకెళ్లి రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేయించాలి. అది అయ్యాకే పన్ను నంబరు పోస్టులో ఇంటికొస్తుంది. అద్దె ఇల్లు దొరకడమే అక్కడ పెద్ద పని. ముందే అక్కడ ఉన్న మనవాళ్లతో మాట్లాడి పెట్టుకోమనండి.

విజిట్ వీసా మీద దుబాయ్ పంపి 'అక్కడ చూసుకుందాం' అనుకోవద్దు. ఆ వీసా మీద పనిచేయడం నేరం, పట్టుబడితే జరిమానా, తిరుగు విమానం. మీ బామ్మర్ది నిజంగా సాయం చేయాలనుకుంటే కంపెనీ నుంచి ఆఫర్ లెటర్, వర్క్ పర్మిట్ పంపించమనండి. మధ్యలో ఏజెంటు దూరితే విదేశీ ఉద్యోగాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యాడో లేదో చూడండి. చట్టప్రకారం వాళ్లు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ.

పెండ్లి గురించి: ఈ కార్డు మీద భార్యను వెంట తీసుకుపోవడం మామూలుగా కుదరదు. ఉద్యోగం దొరికి, వర్క్ పర్మిట్ చేతికొచ్చాక సంబంధాలు చూడండి. అప్పటిదాకా ఆ ఆడపిల్లను ఏడాదిపాటు ఇక్కడ ఎదురుచూస్తూ కూర్చోబెట్టొద్దు.