లా చదువుతానని కూతురంటే భయం దేనికి?

ప్రశ్న: ఆదోనిలో పత్తి కమీషన్ వ్యాపారం చేస్తాను. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. కంప్యూటర్ సైన్స్‌లో చేర్పిద్దామంటే, లా చదివి డిజిటల్ హక్కుల (నెట్‌లో మాట్లాడే స్వేచ్ఛ, గోప్యత లాంటివి) కేసులు వేస్తానంటోంది. పక్కింటావిడను లోన్ యాప్ వాళ్లు వేధిస్తుంటే, పరీక్షల ముందు చదువు పక్కనబెట్టి నాలుగు పేజీల ఫిర్యాదు రాసిచ్చింది. దాని ఫోటో పంపుతున్నాను. అప్పటినుంచి రోజూ రాత్రి తన ఫోన్ తీసుకుని చూస్తున్నాను. బీటెక్ మంచిదా, లా మంచిదా?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు ఏటా ఎండాకాలంలో వస్తూనే ఉంటాయి. పైకి అడిగేది జీతం గురించి. లోపలి భయం వేరే ఉంటుంది. ఆడపిల్ల పోలీసులతో, ప్రభుత్వంతో, పెద్ద కంపెనీలతో తగాదా పెట్టుకుంటే రేపు దిక్కెవరు అని. ముందు దానికి జవాబు చెప్తాను.

ఈ కేసులు ఒక్క మనిషి మోసేవి కావు. నెట్‌లో పెట్టిన రాతలకు అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్ మీద 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లిన శ్రేయా సింఘాల్ అప్పటికి లాయర్ కూడా కాదు. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్, కామన్ కాజ్ లాంటి వాళ్లు కూడా పిటిషన్లు వేశారు. అన్నీ కలిపి విని 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. 2017లో గోప్యత ప్రాథమిక హక్కేనని 9 మంది జడ్జీలు ఒకే మాటగా చెప్పిన కేసుకు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి పేరుంది గానీ, ఆ కేసుకు మూలమైన ఆధార్ మీద పిటిషన్లు వేసినవాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు. ఒకరు ఆర్టీఐతో కాగితాలు తెస్తారు, ఒకరు సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో వివరిస్తారు, ఒకరు వాదిస్తారు. ఎవరి కేసు వేయాలి, ఏ కోర్టులో, ఇప్పుడా, ఆగాలా అని ముందే కూర్చుని మాట్లాడుకుంటారు. తొందరపడి బలంలేని పిటిషన్ వేసి ఓడితే, ఆ తీర్పు వెనక వచ్చేవాళ్లందరికీ అడ్డం పడుతుంది మరి. కాబట్టి మీ అమ్మాయి ఒంటరిగా నిలబడుతుందన్న టెన్షన్ వదిలేయండి.

అలాగని ఈ దారంతా పూలబాట అని నేను చెప్పను. ‘డిజిటల్ రైట్స్’ అన్న మాటకు ఈమధ్య మోజు పెరిగింది. నాలుగు ఆదివారాలు ఆన్‌లైన్‌లో కూర్చుంటే సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులున్నాయి. ఆ కాగితం చూసి ఎవరూ వకాలత్ ఇవ్వరు. ఢిల్లీలోని ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ లాంటి సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి, నడిచేది ఎక్కువగా విరాళాల మీద. గెలిచినా పని అయిపోదు. కొట్టేసిన 66ఎ కింద పోలీసులు ఏళ్ల తరబడి కేసులు పెడుతూనే వచ్చారు. పీయూసీఎల్ మళ్లీ కోర్టుకెక్కితే, 2022లో ఆ కేసులు ఆపమని కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆధార్ మీద 2012లో వేసిన పిటిషన్‌కు చివరి తీర్పు 2018లో వచ్చింది, అందులోనూ చట్టం చాలావరకు నిలబడింది. ఆరేళ్లు! అంత ఓపిక 17 ఏళ్ల పిల్లకు ఉందో లేదో ఇప్పుడే చెప్పలేం. అందుకే లా అయ్యాక మొదట ఆదోనిలోనో కర్నూలులోనో ఒక సీనియర్ దగ్గర మామూలు సివిల్, క్రిమినల్ పని నేర్చుకోవాలి. ఎఫ్ఐఆర్ ఎలా రాస్తారో తెలియకుండా సుప్రీంకోర్టు కలలు వద్దు.

అయితే మీరు పంపిన ఫోటో చూశాక నాకు కొంత ధైర్యం వచ్చింది. ఎడమ పక్క మార్జిన్ గీసి, ప్రతి కాల్‌కూ తేదీ, టైము, నంబరు రాసింది. బెదిరింపు మెసేజ్‌లను ఉన్నదున్నట్టు దించింది. చివర ‘జతపరచినవి: స్క్రీన్‌షాట్లు 11’. మార్కెట్ యార్డులో తక్‌పట్టీ (సరుకు అమ్మకం చీటీ) మీరు రాసినా ఇంత శుభ్రంగా ఉండదేమో. స్క్రీన్‌షాట్ కోర్టులో సాక్ష్యంగా నిలవాలంటే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలని ఆమెకింకా తెలియదు. అది కాలేజీలో నేర్పుతారు. ఆ ఓర్పు మాత్రం ఏ కాలేజీలోనూ నేర్పరు.

నాకు కోపం వచ్చింది మీరు చెప్పిన ఫోన్ మాటకు. తప్పు చేసింది యాప్ వాళ్లు, ఫోన్ లాక్కున్నది ఫిర్యాదు రాసిన పిల్ల దగ్గర! కేరళలో ఒక హాస్టల్లో సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోన్ వాడొద్దన్నారు. ఫహీమా షిరిన్ అనే విద్యార్థిని ఒప్పుకోకపోతే బయటికి పంపేశారు. నెట్ వాడుకోవడం చదువు హక్కులో, గోప్యత హక్కులో భాగమేనని 2019లో కేరళ హైకోర్టు చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఆ కేసులో తండ్రి కూతురి వైపు నిలబడ్డాడు. మీరేమో వార్డెన్ పని చేస్తున్నారు.

పోలిక అడిగారు కదా. క్లాట్, లాసెట్ లాంటి లా ప్రవేశ పరీక్షల వివరాలు మీ అమ్మాయికే బాగా తెలిసుంటాయి. బీటెక్ చదివి తర్వాత మూడేళ్ల లా చేసినా నష్టం లేదు, కోడ్ అర్థమయ్యే లాయర్లకు ఈ కేసుల్లో విలువుంది. కాకపోతే మొత్తం ఏడేళ్లు. నేరుగా లా అయితే ఐదు. లాయర్‌గా బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు (ఎన్‌రోల్‌మెంట్) ఫీజు జనరల్ వాళ్లకు 750 రూపాయలు దాటకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఆ బెంగ లేదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడు నాలుగేళ్లు మాత్రం పెట్రోలు డబ్బులు మీరే ఇచ్చుకోవాలి. ‘మన ప్రాంతం వాళ్లకు లా ఎందుకు’ అని ఎవరైనా అంటే, విశాఖ లా యూనివర్సిటీకి పెట్టింది మన కర్నూలు దగ్గరి పెద్దపాడుకు చెందిన మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరేనని చెప్పండి.

ఆమె ఫోన్ తీసుకోవడం ఈ రాత్రి నుంచే మానేయండి. వేసవి సెలవులయ్యాక ఒకరోజు పదిన్నరకు ఆమెను ఆదోని కోర్టుకు తీసుకెళ్లి, మధ్యాహ్నం దాకా వెనక బెంచీలో కూర్చోనివ్వండి. ఒకదాని వెంట ఒకటి వాయిదాలు పడటం చూసి బయటికొచ్చాక కూడా లానే అంటే, ఫీజు కట్టండి.