బయోసెన్సర్లు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. మా అమ్మ అండాశయ క్యాన్సర్‌తో పోయింది. చివరి దశలో గానీ తెలియలేదు. అప్పటినుంచి పాప క్యాన్సర్‌ను ముందే పట్టే బయోసెన్సర్లు చేస్తానంటోంది. ఓ ప్రైవేటు యూనివర్సిటీ బయోమెడికల్ సీటు ఇస్తానంటోంది. మా బావమరిది కొడుక్కి సీఎస్‌ఈతో మంచి ప్యాకేజీ వచ్చింది. ఏది మేలు?
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: ప్రతి వేసవిలో నాకీ ఉత్తరం వస్తుంది. కోర్సు పేరే మారుతుంది. ‘ఉద్యోగం రాకపోతే ఎలా’ అన్న టెన్షన్ మాత్రం అదే. లెక్కలు, ఎలక్ట్రానిక్స్ గట్టిగా వచ్చిన పిల్లకు ఏదో ఒక దారి దొరుకుతుంది. ముందు నిద్రపోండి.

ఇక నా అనుమానం. ఇంట్లో షుగర్ మీటర్ చూసే ఉంటారు, అదీ ఒక బయోసెన్సరే. స్ట్రిప్ మీది ఎంజైము గ్లూకోజును పట్టుకుంటుంది, అప్పుడు పుట్టిన కరెంటును మీటరు అంకెగా చూపిస్తుంది. లీలాండ్ క్లార్క్ 1962లోనే చెప్పిన ఉపాయం ఇది. మరి క్యాన్సర్‌కు అలాంటి మీటర్ ఇంటింటికీ ఎందుకు రాలేదు? మిల్లీలీటరు రక్తంలో గ్లూకోజు సుమారు ఒక మిల్లీగ్రాము. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు చూసే పీఎస్‌ఏ అనే ప్రొటీన్ 4 నానోగ్రాములు దాటితే డాక్టర్లు సాధారణంగా అనుమానిస్తారు. అంటే గ్లూకోజులో రెండున్నర లక్షల వంతు! పట్టుకున్నా క్యాన్సరే అనలేం, వయసుతో ప్రోస్టేట్ ఉబ్బినా అది పెరుగుతుంది. మీ అమ్మగారి జబ్బుకు రక్తంలో చూసే సీఏ-125 అనే ప్రొటీన్ నెలసరి రోజుల్లోనూ పెరగొచ్చు. చుక్క రక్తంతో వందల పరీక్షలన్న అమెరికా కంపెనీ థెరానోస్ 2018లో మూతపడింది, పెట్టినావిడ జైలుకెళ్లింది.

కాబట్టి బ్రోషర్ చూసి సీటు కొనకండి. కాలేజీకెళ్లి ల్యాబ్ తలుపు తీయించండి. నేను చూసిన ఒకచోట, సెన్సర్ కరెంటును కొలిచే పొటెన్షియోస్టాట్‌కు ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

నన్నడిగితే మంచి కాలేజీలో ఈసీఈ. తర్వాత ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో బయోమెడికల్ పేపర్ ఉంది, 2020 నుంచి. ఐఐటీ హైదరాబాద్‌లో ఆ విభాగమూ ఉంది. పరిశోధనంటే పీహెచ్‌డీ దాకా ఓపిక కావాలి. మధ్యలో మనసు మారినా ఈసీఈ డిగ్రీ చేతిలో ఉంటుంది.

ఒక మాట, కోప్పడకండి. బావమరిది కొడుకు ప్యాకేజీ రాశారు. మీ అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో రాయలేదు. అసలు అడిగారా? మీ అమ్మగారి ఫైలు ఇంట్లో ఉంటే తీయండి. సీఏ-125 అంకెలు ఎందుకలా మారాయో పాపను చెప్పమనండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ తర్వాత పుస్తకాలు తీసి వెతికితే, అప్పుడు సీటు సంగతి మళ్లీ రాయండి.